కొండమీద నిలిచిన మబ్బు: స్థానిక మేఘనామాలు, పర్వతతరంగ సిద్ధాంత చరిత్ర

వ్యాససంగ్రహం

పర్వతాల పైన, వాటి గాలిచాటు వైపున గంటల తరబడి కదలకుండా నిలిచే వింత ఆకృతుల మేఘాలను వేర్వేరు దేశాల ప్రజలు తమ తమ మాటలతో పిలుచుకున్నారు. ఈ పేర్లు రూపసాదృశ్యం వల్ల పుట్టిన అలంకారాలు మాత్రమే కావని, దీర్ఘకాల పరిశీలన ఫలితాలను దాచుకున్న ఆధారాలని, 20వ శతాబ్దంలో పర్వతతరంగ సిద్ధాంతం రూపొందడంలో అవి ప్రత్యక్షపాత్ర వహించాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంగ్లండు, దక్షిణాఫ్రికా, జపాన్, సైలీషియా ప్రాంతాల ఉదాహరణలను పరిశీలించి, తెలుగు మాండలిక పదసేకరణకు అవి సూచించే కర్తవ్యాన్ని చివర చర్చించడమైనది.

కీలకపదాలు: మేఘనామాలు, పర్వతతరంగం, కటకాకార మేఘం, మాండలికం, జానపద విజ్ఞానం, పదసేకరణ.

1. ఉపోద్ఘాతం

మేఘం అనగానే సాహిత్య విద్యార్థికి మొదట స్ఫురించేది ప్రయాణం. కాళిదాసు మేఘదూతంలో మేఘం రామగిరి నుండి అలకాపురికి సాగిపోతుంది. దారిలోని కొండశిఖరాలు దానికి విడిదులు మాత్రమే. గాలి తోస్తే మేఘం కదులుతుందన్న లోకానుభవమే ఆ కావ్యకల్పనకు పునాది.

ఈ అనుభవానికి విరుద్ధంగా ప్రవర్తించే మేఘాలు కొన్ని ఉన్నాయి. శిఖరాల మీద గాలి ఉద్ధృతంగా వీస్తున్నా ఇవి ఉన్నచోటనే ఉంటాయి. అంచులు సానపట్టినట్లు నున్నగా ఉంటాయి. ఒక్కొక్కప్పుడు బోర్లించిన పళ్ళెం లాగా, మరొకప్పుడు ఒకదానిమీద ఒకటి పేర్చిన పళ్ళేల దొంతర లాగా, ఇంకొకప్పుడు కొండ తలకు పెట్టిన టోపీ లాగా కనిపిస్తాయి. గాలి కదులుతుండగా మేఘం ఎందుకు కదలదు? ఈ ప్రశ్నకు వాతావరణ శాస్త్రం తృప్తికరమైన సమాధానం చెప్పగలిగింది 1930ల తరువాతనే. అయితే ఆ మేఘం కదలదని, అది కనిపించినప్పుడు గాలి ఎక్కడ వీస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఆ కొండల కింద బతికేవారికి అంతకు చాలా ముందే తెలుసు. వారు ఆ తెలివిడిని గ్రంథాలలో రాయలేదు, పేర్లలో దాచారు. ఆ పేర్ల చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

2. శాస్త్రీయ వర్గీకరణ: లాభమూ లోపమూ

మేఘాలను గమనించి ఫలితం చెప్పే సంప్రదాయం మనకు ప్రాచీనమైనది. వరాహమిహిరుని బృహత్సంహితలో గర్భలక్షణాధ్యాయం మేఘాలు గర్భం ధరించే వేళను గుర్తించి, 195 దినాలకు వర్షప్రసవాన్ని లెక్కగడుతుంది. ఇక్కడ ప్రధానం కాలం. మేఘాన్ని రూపాన్నిబట్టి వర్గీకరించే ఆధునిక పద్ధతి లండన్‌లో మొదలైంది. వృత్తిరీత్యా ఔషధ రసాయనాల తయారీదారు అయిన ల్యూక్ హోవార్డ్ 1802 డిసెంబరులో ఒక చిన్న విద్వత్సభలో చేసిన ప్రసంగం 1803లో అచ్చయింది. సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్, నింబస్ అనే లాటిన్ పేర్లు ఆ ప్రసంగం ద్వారానే లోకానికి అందాయి. అదే 1802లో ఫ్రాన్సులో లామార్క్ ఫ్రెంచి మాటలతో మరొక వర్గీకరణను ప్రతిపాదించాడు, అది నిలవలేదు. లాటిన్ ఏ ఒక్క దేశానికీ చెందని పండితభాష కావడం హోవార్డ్ పద్ధతికి కలిసివచ్చింది. 1896లో వెలువడిన అంతర్జాతీయ మేఘచిత్రసంపుటి ఆ పద్ధతిని విస్తరించి స్థిరపరిచింది.

సార్వత్రికత ఈ పద్ధతి సాధించిన లాభం. కాని దానికోసం మేఘం నుండి స్థలాన్ని తీసివేయవలసి వచ్చింది. నేటి పరిభాషలో కొండలమీది నున్నని మేఘానికి ‘లెంటిక్యులారిస్’ అని పేరు. ఈ మాట చరిత్ర గమనించదగినది. లాటిన్‌లో ‘లెన్స్’ అంటే మసూరపప్పు. రెండువైపులా ఉబ్బిన గాజుబిళ్ళ ఆ గింజ ఆకారంలో ఉండడంవల్ల దానికి ఆ పేరు వచ్చింది. ‘పప్పుగింజ వంటిది’ అనే విశేషణం మేఘానికీ చేరింది. తెలుగులో ‘లెన్స్’కు పాఠ్యపుస్తకాలు స్థిరపరచిన మాట ‘కటకం’. దాన్నిబట్టి ఈ మేఘాన్ని ‘కటకాకార మేఘం’ అనవచ్చు. అలా అన్నప్పుడు వంటింటి గింజ కనుమరుగై ప్రయోగశాల గాజు మిగులుతుంది. విశేషమేమిటంటే, కటకశబ్దానికి కంకణం, సైన్యం వంటి అర్థాలతోపాటు కొండ నడుము అనే అర్థాన్ని కూడా అమరకోశం చెబుతున్నది. పారిభాషిక పదకర్తలు ఉద్దేశించకపోయినా, లాటిన్ పేరులో లేని కొండ తెలుగు మాటలో యాదృచ్ఛికంగా వచ్చి చేరింది.

స్థలాన్ని వదులుకున్న శాస్త్రీయనామాల పక్కన స్థలాన్ని వదలని స్థానికనామాలను పెట్టి చూడడం తరువాతి మెట్టు.

3. నాలుగు కొండలు, నాలుగు పేర్లు

3.1 శిరస్త్రాణం, అడ్డకమ్మి: ఉత్తర ఇంగ్లండులోని పెన్నైన్ కొండలలో ఎత్తయినది క్రాస్ ఫెల్. దాని ఎత్తు 893 మీటర్లు మాత్రమే. ఈశాన్యం నుండి చలిగాలి వీచే రోజులలో కొండ కొమ్మును ఒక దట్టమైన మేఘం కప్పివేస్తుంది. దానిని స్థానికులు ‘హెల్మ్’ అంటారు. శిరస్త్రాణం అని అర్థం. కొన్ని మైళ్ళ దూరంలో, ఈడెన్ లోయ మీద, కొండవరుసకు సమాంతరంగా మరొక సన్నని మేఘం నిలుస్తుంది. అది ‘హెల్మ్ బార్’, అంటే అడ్డకమ్మి. ఈ రెండింటి నడుమ కొండవాలు వెంట దిగే గాలి ‘హెల్మ్ విండ్’. బ్రిటన్‌లో సొంతపేరు గల ఏకైక గాలిగా అది ప్రసిద్ధం. రైతులు గుర్తించిన అసలు విషయం ఇది: గాలి ఎంత భీకరంగా వీచినా అడ్డకమ్మి కిందికి రాగానే అణగిపోతుంది. అంటే ఆ మేఘం వారికి గాలి ఎల్లను చూపే పొలిమేర రాయి.

3.2 బల్లగుడ్డ: కేప్‌టౌన్ నగరాన్ని ఆనుకొని ఉన్న టేబుల్ మౌంటెన్ ఎత్తు సుమారు 1,085 మీటర్లు, శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. వేసవిలో ఆగ్నేయ పవనం సముద్రపు తేమగాలిని కొండపైకి ఎక్కించినప్పుడు తెల్లని మేఘం బల్లమీద పరచిన గుడ్డలాగా పరచుకొని, నగరం వైపు అంచు దాటి జారుతుంది. జారే మేఘం కిందిదాకా రాదు. ఒక మట్టానికి వచ్చి మాయమవుతుంది. వాన్ హంక్స్ అనే వృద్ధుడు సైతానుతో పందెం వేసి పొగ తాగుతుండడం వల్లనే ఆ మేఘం పుడుతున్నదని అక్కడి జానపదకథ.

3.3 గిడుగుమబ్బు: జపాన్‌లోని 3,776 మీటర్ల ఫుజి పర్వతం మైదానంలో ఒంటరిగా నిలిచిన శంకువు. దాని శిఖరాన్ని కప్పే మేఘం పేరు ‘కాసాగుమో’. ‘కాసా’ అంటే రైతులు వానకూ ఎండకూ పెట్టుకునే గడ్డిటోపీ. మన తాటాకు గిడుగు వంటిది. ‘కుమో’ అంటే మేఘం. సమాసంలో ‘కుమో’ ‘గుమో’ కావడం, మన ‘కూర’, ‘కాయ’ కలిసి ‘కూరగాయ’ కావడాన్ని పోలి ఉంది. శిఖరానికి దూరంగా, గాలిచాటున, ఆకాశంలో వేలాడగట్టినట్లు నిలిచే మేఘం ‘త్సురుషిగుమో’, అంటే వేలాడు మబ్బు. ఫుజి గిడుగు పెట్టుకుంటే వాన దగ్గర పడిందని ఆ ప్రాంతపు నానుడి.

3.4 మోఆత్సగోట్ల్: మధ్య ఐరోపాలో సైలీషియా, బొహీమియా ప్రాంతాల సరిహద్దు రీజెన్‌గెబిర్గె పర్వతశ్రేణి. దక్షిణపు గాలి ఈ శ్రేణిని దాటినప్పుడు ఉత్తరాన హిర్ష్‌బెర్గ్ లోయమీద నున్నని మేఘం ఒకటి నిలుస్తుంది. సైలీషియా జర్మన్ మాండలికంలో దాని పేరు మోఆత్సగోట్ల్. గోట్లీబ్ మాట్స్ అనే పల్లెటూరి మనిషి దానిని మొదట గుర్తించాడని, అతని పేరే మాండలిక ఉచ్చారణలో అలా మారిందని స్థానికుల కథనం. పై మూడు పేర్లూ వస్తుసాదృశ్యం వల్ల ఏర్పడినవి కాగా ఇది చూసినవాని పేరుతో ఏర్పడింది. ఒక మేఘం పునఃపునః అదే చోట కనిపిస్తే తప్ప దానికి మనిషి పేరు పెట్టడం సాధ్యం కాదు. పేరు పెట్టడమే దాని నిలకడకు సాక్ష్యం.

4. పేరు నుండి సిద్ధాంతానికి

ఈ నాలుగింటిలో శాస్త్రచరిత్రను మలుపు తిప్పినది చివరిది. హిర్ష్‌బెర్గ్ దగ్గరి గ్రునావ్ గ్రామంలో ఇంజను లేని గ్లైడర్ విమానాల శిక్షణపాఠశాలకు వోల్ఫ్ హిర్త్ అధిపతి. అప్పటివరకు గ్లైడర్ చోదకులకు పైకి ఎగయడానికి తెలిసిన ముఖ్యమైన ఆధారాలు కొండవాలుకు తగిలి పైకి లేచే గాలి, ఎండకు వేడెక్కి లేచే గాలి. 1933 మార్చిలో హిర్త్, అతని శిష్యుడు హాన్స్ డాయ్‌చ్‌మాన్ కొండకు దూరంగా, లోయమీద, ఈ రెండు కారణాలకూ తావులేని చోట నిలకడగా పైకి లేచే గాలిని కనుగొన్నారు. అది మోఆత్సగోట్ల్ నిలిచే చోటు. హిర్త్ తన కొత్త గ్లైడర్‌కు ఆ మేఘం పేరే పెట్టుకున్నాడు.

దీనికి శాస్త్రీయరూపం ఇచ్చినవాడు జోఆహిమ్ క్యుట్నర్. బ్రెస్లావ్‌లో 1909లో పుట్టి, మొదట న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొంది, తరువాత వాతావరణ శాస్త్రంలోకి వచ్చినవాడు. 1937లో గ్రునావ్‌లో జరిగిన గ్లైడర్ పోటీలో ఇరవైకి పైగా విమానాలలో పీడనాన్ని నమోదుచేసే పరికరాలు అమర్చి, ఆ నమోదులనుండి గాలి ఎక్కడ లేస్తున్నదో, ఎక్కడ దిగుతున్నదో పటం గీశాడు. తానే పైకప్పు లేని గ్లైడర్‌లో, ప్రాణవాయువు సరఫరా లేకుండా సుమారు 6,800 మీటర్ల ఎత్తుకు ఎగిరాడు. అతని పరిశోధన శీర్షికలోనే మాండలికపదం చోటుచేసుకుంది: ‘మోఆత్సగోట్ల్, ఫోయెన్ తరంగం’. ఫోయెన్ అంటే కొండదాటి దిగే వెచ్చని పొడిగాలి.

అతని పటం చూపిన సత్యాన్ని సరళంగా ఇలా చెప్పవచ్చు. స్థిరంగా, పొరలుపొరలుగా ఉన్న గాలి కొండను దాటడానికి పైకి లేస్తుంది. దాటగానే చుట్టూ ఉన్న గాలికన్న చల్లగా, బరువుగా ఉండడంవల్ల కిందికి జారుతుంది. జారిన వేగంలో తన మట్టాన్ని దాటి దిగి, మళ్ళీ లేస్తుంది. వాగులో రాయిని దాటిన నీటిలో ఏర్పడే నిలకడ అలలవంటివే ఈ అలలు. నీరు సాగిపోతుంది, అల అక్కడే ఉంటుంది. గాలి అల కొమ్ముకు చేరినప్పుడు చల్లబడి దానిలోని తేమ మేఘమవుతుంది. అల లోతుకు దిగేటప్పుడు వేడెక్కి మేఘం ఆవిరైపోతుంది. అందువల్ల మేఘం ముందు అంచున నిరంతరం పుడుతూ, వెనుక అంచున నిరంతరం నశిస్తూ ఉంటుంది. కదలనిది మేఘరూపమే, అందులోని గాలీ తేమా క్షణమైనా నిలవవు. క్రాస్ ఫెల్ అడ్డకమ్మి అటువంటి అలకొమ్ము. టేబుల్ మౌంటెన్ గుడ్డ అంచు కిందికి చేరకముందే మాయం కావడానికీ దిగే గాలి వేడెక్కడమే కారణం.

ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో భూగోళ శాస్త్రజ్ఞుడు గార్డన్ మాన్లీ క్రాస్ ఫెల్ పక్కనున్న గ్రేట్ డన్ ఫెల్ దగ్గర చిన్న గుడిసె వేసుకుని పరిశీలనలు సాగించాడు. 1945లో ప్రకటించిన పత్రంలో హెల్మ్ గాలిని నిలకడ అలగా వివరించాడు. రైతులు చెప్పిన ‘అడ్డకమ్మి కింద గాలి అణగడం’ అతని పరికరాలలోనూ కనిపించింది. 1949లో ఆర్. ఎస్. స్కోరర్ గాలివేగం, స్థిరత ఎత్తునుబట్టి మారే తీరునుండి ఇటువంటి అలలు ఎప్పుడు ఏర్పడతాయో తేల్చే గణితసూత్రాన్ని అందించాడు. ఇక్కడ క్రమం గమనార్హం: మొదట పేరు, తరువాత కొలత, చివర గణితం.

5. మేఘం లేని అల

ఈ విజ్ఞానం పండితుల కుతూహలానికి మాత్రమే సంబంధించినది కాదు. 1951–52లో కాలిఫోర్నియా సియెర్రా నెవాడా పర్వతాల తూర్పున క్యుట్నర్ కూడా పాల్గొన్న పరిశోధనలో నున్నని మేఘాల కింద, అల కొమ్ములకు దిగువన, గాలి సుడులు తిరిగే ప్రాంతాల తీవ్రత బయటపడింది. 1952 మార్చి 19న లారీ ఎడ్గర్, హెరాల్డ్ క్లీఫోర్త్ అదే అలమీద 13,000 మీటర్లకు పైగా ఎత్తుకు గ్లైడర్‌లో చేరారు. 1955లో అదే ఎడ్గర్ నడుపుతున్న గ్లైడర్ సుడిగాలిలో ముక్కలైంది. పారాచూట్‌తో అతడు బతికి బయటపడ్డాడు. ఎత్తుకు మోసిన గాలే విమానాన్ని విరిచింది.

ఇక జపాన్‌కు వద్దాం. మసనావొ అబె (1891–1966) అనే ప్రభువు ఫుజి పాదప్రాంతంలోని గొతెంబలో సొంత ఖర్చుతో పరిశీలనాలయం కట్టుకుని, 1920ల చివరినుండి ఏళ్ళ తరబడి గిడుగుమబ్బులను, వేలాడు మబ్బులను చలనచిత్ర కెమెరాలతో చిత్రించాడు. కంటికి కనిపించని గాలి నడకను మేఘం ద్వారా చూడడమే ఆయన లక్ష్యం. పల్లెజనం రెండు పేర్లతో గుర్తించిన రెండు మేఘాలే ఆయన జీవితకాల పరిశోధనకు వస్తువులయ్యాయి.

1966 మార్చి 5న టోక్యోనుండి హాంగ్‌కాంగ్‌కు బయలుదేరిన బ్రిటిష్ ప్రయాణికుల విమానం, బోయింగ్ 707, ఫుజి గాలిచాటున ఆకాశంలోనే ముక్కలై కూలింది. అందులోని 124 మందీ మరణించారు. గొతెంబ పట్టణం మీద విమానం అసాధారణమైన తీవ్రత గల గాలి అల్లకల్లోలానికి గురైందని దర్యాప్తు తేల్చింది. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. అబె మేఘాల సాయంతో గాలిని చూసిన ఊరి మీదనే, మేఘం లేని గాలి ఆ విమానాన్ని విరిచివేసింది.

గాలిలో చాలినంత తేమ ఉంటేనే అలకొమ్మున మేఘం ఏర్పడుతుంది. తేమ లేకపోయినా అల ఉంటుంది. స్థానికనామం మేఘానికి పెట్టినది; మేఘం లేనప్పుడు ఆ పేరు హెచ్చరించలేదు. జానపదవిజ్ఞానం గొప్పదనాన్ని చెప్పేటప్పుడు ఈ హద్దును కూడా చెప్పడం పరిశోధకుని బాధ్యత.

6. పేరు, నానుడి, కథ

పై ఉదాహరణలను విశ్లేషిస్తే స్థానిక మేఘవిజ్ఞానంలో మూడు పొరలు కనిపిస్తాయి. మొదటిది పేరు: ఇది మేఘం ఉనికిని, నిలకడను, స్థానాన్ని నమోదు చేస్తుంది. రెండవది నానుడి: ఇది మేఘానికీ తరువాత జరిగేదానికీ గల సంబంధాన్ని చెబుతుంది. మూడవది కథ: ఇది కారణం చెప్పబూనుతుంది. ఈ మూడింటి ప్రామాణ్యం సమానం కాదు. పేరు పరిశీలన, శాస్త్రం దానిని ధ్రువపరిచింది. నానుడి అనుమానం, తుపాను ముందు వచ్చే తేమగాలి శిఖరాన్ని తాకడంవల్ల గిడుగుమబ్బు నానుడికి ఆధారం ఉంది, కాని ప్రతిసారీ నిజం కావలసిన నియమం లేదు. కథ కల్పన, సైతాను పొగ మేఘకారణాన్ని వివరించదు. అయినా ఆ కథ గాలిపేరును, మేఘం పేరును తరతరాలకు మోసుకుపోయింది. మన జానపద అధ్యయనాలలో కథకు దక్కినంత ఆదరం పేరుకు దక్కడం అరుదు. విజ్ఞానచరిత్ర దృష్టితో చూస్తే పేరుకే విలువ ఎక్కువ.

పేరు పదిలమనుకోవడానికి వీలులేదని కూడా మోఆత్సగోట్ల్ చెబుతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైలీషియాలో అత్యధికభాగం పోలండుకు చెందింది. అక్కడి జర్మన్ భాషీయులను వెళ్ళగొట్టారు. హిర్ష్‌బెర్గ్ యెలెన్యా గూరా అయింది. గ్రునావ్ పేరూ మారింది. మేఘం ఇప్పటికీ అదే లోయమీద నిలుస్తుంది. దానికి ఆ పేరు పెట్టిన మాండలికం మాత్రం ఆ లోయను విడిచిపోయింది. ఆ మాట ఈనాడు వాతావరణ శాస్త్ర గ్రంథాలలో బతికి ఉందంటే, ఒక పరిశోధకుడు దానిని తన పత్రశీర్షికలో రాయడమే ముఖ్యకారణం.

7. తెలుగు అధ్యయనాలకు వర్తింపు

తెలుగులో వృత్తిపదాల సేకరణకు ఘనమైన ఆరంభం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలది. వృత్తి ఆధారంగా పదాలు సేకరించే ఆ పద్ధతి మనకు మార్గదర్శకం. అయితే మబ్బు, గాలి ఏ ఒక్క వృత్తికీ చెందినవి కావు. రైతు, జాలరి, గొర్రెలకాపరి, పోడు సాగుచేసే గిరిజనుడు ఒకే మబ్బును వేర్వేరు అవసరాలతో చూస్తారు. మబ్బు, మొయిలు, మొగులు అనే సాధారణపదాల వెనుక ఎన్ని విశేషపదాలున్నవో వృత్తులను దాటి, స్థలం ఆధారంగా సేకరిస్తేనే తెలుస్తుంది.

తూర్పు కనుమలలో పాడేరు దగ్గరి వంజంగి కొండనుండి శీతకాలపు ఉదయాలలో కనిపించే మేఘసముద్రం ఇటీవలి సంవత్సరాలలో పర్యాటకులను విశేషంగా ఆకర్షిస్తున్నది. అది పర్వతతరంగం కాదు; రాత్రి చల్లబడిన గాలి లోయలో అడుగున నిలిచి, దానిమీద వెచ్చనిగాలి మూతవేయడంవల్ల ఏర్పడే మంచుమేఘం. కారణం వేరైనా, పదసేకరణ సమస్య ఒకటే. పర్యాటక ప్రచారం ఆ దృశ్యానికి తనకు నచ్చిన పేర్లు పెడుతుంది. ఆ లోయలలో తరతరాలుగా నివసించే గిరిజనులు తమ భాషలలో దానిని ఏమంటారు, అది ఏ మట్టం వరకు లేస్తే ఏమని చెబుతారు, ఏ గాలికి విచ్చుతుందంటారు అనే ప్రశ్నలను ప్రచారనామాలు స్థిరపడకముందే అడగాలి. అటువంటి సేకరణలో ప్రతిపదానికీ మూడు అంశాలు తప్పనిసరిగా నమోదు చేయాలి: మేఘం నిలిచే చోటు, కనిపించే ఋతువూ వేళా, దానివెంట వీచే గాలి దిక్కు. ఈ మూడూ లేని పదం నిఘంటువుకు ఆరోపమవుతుంది గాని, శాస్త్రానికి ఆధారం కాదు.

8. ముగింపు

హోవార్డ్ లాటిన్ పేర్లు మేఘాన్ని అన్నిదేశాలకూ అర్థమయ్యేటట్లు చేశాయి. స్థానికనామాలు దానిని ఒక కొండకు, ఒక గాలికి కట్టి ఉంచాయి. పర్వతతరంగ సిద్ధాంతం ఈ రెండూ కలిసినచోట పుట్టింది. మోఆత్సగోట్ల్ అన్న మాటే లేకపోతే క్యుట్నర్ ఆ అలను కనుగొనేవాడు కాడని అనలేము. అయితే ఎక్కడ వెతకాలో ఆ మాట అతనికి ముందే చూపింది. పదసేకర్త పని శాస్త్రవేత్త పనికి ముందుమెట్టు కాగలదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. మేఘం మళ్ళీ మళ్ళీ అదే కొండమీదికి వస్తుంది. దాని పేరు తెలిసిన మనిషి మళ్ళీ రాడు. కాబట్టి సేకరణ వాయిదా వేయదగిన పని కాదు.